పద్నాలుగో రోజు

దాన్ని ఇక్కడ తెల్లవారుజాము దాడి అంటారు.
తుపాకులుండవు. కుక్కలైనా మొరగవు,
తెలిసిన అడుగులే కనుక.
తలుపు సందులోంచి ఒక కవరు,
లోపల రెండు యాభైవేల రుపయా నోట్లు,
అగ్గిపెట్టెంత ఫొటోలో ఒక నవ్వు.

బుటోన్ దీవిలో, సముద్రపు నాచు ఆరబోసే పందిళ్ళ నుంచి
వా ముర్ని ఆ కవరుతో మా ఆఫీసుకొచ్చింది.
చేతులకింకా ఉప్పు,
గోటి మీద నిన్న వేసిన ఓటు సిరా.
రూలు చదివి వినిపించాను, వినిపించాలి కనుక:
ఇచ్చినవాడిదీ నేరమే,
పుచ్చుకున్నదానిదీ నేరమే.
ఆమె కాసేపు ఫ్యాను వంక చూసింది.
"అయితే నా పేరే ముందు రాయి,
వాడి పేరు మరిచిపోకు" అంది.

ఒక బల్ల. పర్యవేక్షణ నాది,
పక్కన పోలీసు, ఎదురుగా ప్రాసిక్యూటరు.
ఒకే వాక్యం చదివి ముగ్గురం
మూడు రేవుల్లో దిగాం.
డబ్బుంది, ఓటెయ్యమన్న మాటేది? అన్నాడొకాయన.
ఫొటో ఎందుకు పెట్టారంటారు? అన్నాను.
అందంగా ఉన్నాడని, అన్నాడు. నవ్వలేదు.
పక్క జిల్లాలో ఇదే రంగు కవరుకి
కొబ్బరి దింపేవాడొకడు మూడేళ్ళకి లోపలికెళ్ళాడు.
"అది వేరు" అన్నారు.
ఆ వేరు ఎంత లోతున ఉందో
ఎవరూ తవ్వలేదు.

మాకున్నవి పద్నాలుగు రోజులు.
కవర్లు పంచిన లా హమూది మూడోనాడే పడవెక్కాడు.
మనిషి లేకపోయినా నడపొచ్చంది ఒక పుస్తకం,
కుదరదంది ఒక సర్క్యులర్,
చూద్దాం అంది ఒక ఫోను.
చూస్తూనే ఉన్నాం. ఆదివారాలకీ లెక్కుంది.

రోజూ సాయంత్రం ఆమె వచ్చి బల్ల మీద వేలు పెట్టేది:
"ఈ సిరా ముందు పోతుందా,
మీ కేసు ముందు పోతుందా?"
నేను నవ్వాననుకుంటాను.

పద్నాలుగో రాత్రి ఫైలు మీద
'గడువు ముగిసింది' ముద్ర కొట్టాను.
దోషి అని కాదు, నిర్దోషి అని కాదు,
పాలపొడి డబ్బా మీద రాసినట్టు.
బయట పోటు రావలసిన వేళకే వచ్చింది.
ఎవరి ముఖం చూసీ ఆగని నీళ్ళవి.
ఏ ఘడియకి తాడు విప్పాలో వా ముర్నికి తెలుసు.
చట్టం కూడా అలాంటిదే అనుకుని
మా మెట్లెక్కింది పాపం.

ప్రమాణస్వీకారం నాడు లా హమూది కొత్త బూట్లతో దిగాడు.
సలాం చెప్పాడు. నేనూ చెప్పాను.
చిన్న ఊరు.

ఆ రెండు నోట్లూ నా సొరుగులోనే ఉన్నాయి.
సాక్ష్యాన్ని తిరిగి అప్పగించాలంటుంది నిబంధన.
'ఎవరికి' అన్న గడి దగ్గర
పెన్ను పట్టుకుని కూర్చున్నాను.