గార

దాబాగార్డెన్స్‌లో పళ్ళ డాక్టరమ్మ దగ్గర
పంతొమ్మిదేళ్ళుగా గార తీస్తున్నాను.
మొన అరిగి ఆవిడ పారేసిన కొక్కేల సూదులు
ఏరి సంచిలో వేసుకుంటుంటే
ఇవెందుకే నీకు, అంది.
రోముకి, అన్నాను.

మా చిన్నాన్న మైలపల్లి ఎర్రన్న ఓడలో వంటవాడు.
నల్లసముద్రం రేవులో ఎవరో ముసలాయన
రెండు సీసాల రొయ్యల పచ్చడి పుచ్చుకుని
గుప్పెడు మట్టిబిళ్ళలు ఇచ్చాడట.
ముప్ఫయ్యొకటి. లెక్కపెట్టి నా ఒళ్ళో పోశాడు.
"గార తీత్తావు గదేటే,
సూడు, లోపల ఏటున్నాదో."

మొదటి నెలంతా నీళ్ళే.
ఇన్వర్టరు బ్యాటరీలో పోసే నీళ్ళు,
మూడు రోజులకోసారి మార్చి.
గ్లాసు అడుక్కి
ఎవరి పొలందో మట్టి
డికాక్షన్‌లా దిగేది.

తర్వాత సూది, భూతద్దం.
తొందరపడితే మట్టితో పాటు ముక్కూ ఊడొస్తుంది.
ఒక చక్రవర్తికి అలా నేనే కోశాను ముక్కు.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

మూడో నెలలో ఓ మెడ బయటపడింది,
మెడ వెనక రిబ్బను ముడి,
తల మీద ఆకులు.
అంచు వెంబడి అక్షరాలు
పాలపళ్ళు మొలిచినట్టు ఒక్కొక్కటే:
సి. ఆర్. ఐ.
క్రిస్పస్.
బొటనవేలి గోరంత కుర్రాడు.

తండ్రి కాన్‌స్టాంటైన్ అప్పటికే దొరికాడు, పై చూపు చూస్తూ.
నాన్నమ్మ హెలీనా, మెడలో పేట.
సవతితల్లి ఫౌస్టా. బిళ్ళ తిప్పితే
ఇద్దరు పసివాళ్ళని ఎత్తుకున్న ఆడమనిషి.
తమ్ముళ్ళు ఏడుగురొచ్చారు. నిజానికి ఇద్దరే,
మళ్ళీ మళ్ళీ వాళ్ళే.
బంగారం కాదు, వెండి కాదు,
ఉల్లిపాయలు కొనుక్కునే రాగి.

గుంటలున్న పాత కట్టుడుపళ్ళ పెట్టె తెచ్చాను వాళ్ళకి.
చిక్కంతా కూర్చోబెట్టడం దగ్గరే వచ్చింది.
పెళ్ళి బంతిలో ఎవరి పక్కన ఎవరు పడతారో
మా పెద్దమేనత్తకి ఒక్కదానికే తెలిసేది.
ఆవిడ లేదు.

కొడుకుని తండ్రి పక్కన ఉంచుదామా అంటే
చంపించింది ఆ తండ్రే.
సవతితల్లి పక్కనా?
చాడీ చెప్పింది ఆవిడే అంటారు.
ఆ ఏడే ఆవిణ్ణీ ఆవిరిగదిలో పెట్టి
తలుపు మూశారంటారు.
నిజమేదో నాకేం తెలుసు.
రోజుకి నలభైమందిని నోరు తెరవమంటాను,
వీళ్ళు మాత్రం తెరవరు.

చావడానికి రెండేళ్ళ ముందు
ఓడలు నడిపి, ఇరుకు సముద్రం మీద
తండ్రికి యుద్ధం గెలిచిపెట్టాడట ఈ క్రిస్పస్.
మా జాలారిపేటలో
సముద్రం మీంచి తిరిగొచ్చినవాణ్ణి
ముందు మంచినీళ్ళు తాగమంటాం.
లెక్కలు తర్వాత.

రాళ్ళ మీద వాడి పేరు చెక్కేయించాడట తండ్రి.
మరి గల్లాపెట్టెల్లో పేరు?
సిపాయి మొలలో ముడేసుకున్నది?
ఏ పిల్లో తప్పిపోయానని ఏడ్చి
దున్నిన చాళ్ళో పారేసుకున్నది?
అవన్నీ వెతికించడానికి
ఎంత చక్రవర్తికైనా మనుషులు చాలరు.

నాన్నమ్మ పక్కన పెట్టాను చివరికి.
జూన్ అంతా బాగానే ఉన్నారు.

జూలైలో ముసురు పట్టింది.
గోడలు చెమర్చాయి, అగ్గిపుల్ల వెలగలేదు.
పెట్టె మూత తీస్తే
క్రిస్పస్ చెంప మీద పచ్చటి పొడి,
వేలికి అంటుకుంది.
రాగికి పట్టే తెగులు. ఉప్పుగాలి తగిలితే రేగుతుంది,
పక్కవాళ్ళకీ పాకుతుంది.

మాత్రల డబ్బా కడిగి ఆరబెట్టి
కొత్తచెప్పుల పెట్టెలో వచ్చిన తేమ పీల్చే గుళికలు రెండు వేసి
వాణ్ణొక్కణ్ణీ అందులోకి మార్చాను.
ఈసారి బంతిలోంచి లేపింది నేను.
నాన్నమ్మ పక్కన గుంట
ఖాళీగానే ఉంచాను.
నాలిక ఊరికే అక్కడికే పోతుంది
పన్ను పీకిన చోటికి పోయినట్టు.

నిన్న రాత్రి చిన్నాన్న ఫోను.
డార్డనెల్స్ దాటుతున్నారట,
ఏటి తెమ్మన్నావు, అన్నాడు.
వాడు గెలిచిన నీళ్ళే అవి.
ఎలా ఉన్నాయి చిన్నాన్నా అక్కడ నీళ్ళు, అని అడిగాను.
ఫోన్‌లో గాలి, ఇంజను, ఎవరో గిన్నె జార్చిన చప్పుడు.
నీళ్ళలాగే ఉన్నాయే, అన్నాడు.