గుణుపురంలో గ్రీన్ కర్రీ

పాత్రో కొట్లో కొబ్బరిపాల పొట్లం
నూట నలభై.
దాని వెనక అచ్చేసిన వంట విధానం మాత్రం
నిలబడి రాసుకోనిచ్చాడు,
కరెంటు బిల్లు వెనకాల.

సంతలో నిమ్మగడ్డి కట్ట అందిస్తూ
సవర ముసలామె "జొరమా?" అంది.
మూలికల కొట్లో దుంపరాష్ట్రం అడిగితే
"దగ్గెవరికమ్మా?" అన్నాడు.
ఎవరికీ ఏమీ లేదు.
నాలిక్కే, కాస్త ఊరు దాటాలనుంది.

అరచిప్ప కొబ్బరి తురిమి పిండాను.
వేలి గోరంతేసి ధనిలంకలు,
కాడలతో సహా కొత్తిమీర
రోట్లో పచ్చగా మెదిగాయి.
చేప సాసు మాటేమిటంటే,
గుప్పెడు ఎండు మెత్తళ్ళు వేయించి పొడిచేశాను
కిటికీ మూసి.
పక్కింటి మిశ్రాగారికి ఇవాళ ఏకాదశి.

పాలు విరిగాయి.
మంట తగ్గించడం నాకెప్పుడూ
ఆలస్యంగానే గుర్తొస్తుంది, మాటల్లో కూడా.
పారబోయబోతూ బిల్లు తిప్పి చూశాను:
"విరిగి, నూనె తేలాలి."
నా చేతిలో చెడిపోయింది
సరిగ్గా అలాగే చెడాల్సిందని
ఒకరు ముందే రాసిపెట్టి ఉండటం
ఇదే మొదలు.

వంకాయ ముక్కలు, ఉప్పు, చిటికెడు బెల్లం,
పెరట్లో సబ్జా ఆకు నాలుగు రెబ్బలు.

మా అత్త దాలమ్మ వేలు ముంచి చప్పరించింది.
"మెత్తళ్ళ పులుసే గదే.
గడ్డెందుకు ఏసినావు?"
అని, గిన్నె ముందుకు తోసింది
రెండోసారి.

ఎనభై రెండు రూపాయలు.
పద్దులో, పాల బాకీ కింద,
"థాయ్‌లాండ్" అని రాసుకున్నాను.