అట

కిసుములో వానాకాలం. విశ్వవిద్యాలయ గ్రంథాలయం
రేకు కప్పు మీద చినుకు మొదలైతే
లోపల చదివేవాళ్ళ పెదవులు కూడా కదులుతాయి,
ఎవరి మాట వాళ్ళకే వినపడక.
నేను పుస్తకాలు సర్దేవాణ్ణి. నా ట్రాలీకి ఒక చక్రం కీచుమంటుంది,
అందుకని నేనెక్కడున్నానో అందరికీ తెలుసు.
వింటున్నానని మాత్రం ఎవరికీ తెలియదు.

అపోండి మొదటి ఏడాది పిల్ల. వచ్చీ రాగానే
ఫోను బల్ల మీద బోర్లించి గబగబా చెప్పింది:
ఒమేనాలో శవాలు కుళ్ళకుండా పోసే మందు కలుపుతున్నారట.
ఈగలు కూడా వాలడం లేదట.
ఎవరో డాక్టరు చెప్పాడట.
ఒమేనా అంటే మా సరస్సులో వేలెడు పొడవు వెండి చేప,
వాళ్ళమ్మ అమ్మేది అదే.
తొమ్మిది రోజులుగా గంప దించింది దించినట్టే ఉంది.
"అది అబద్ధమని చెప్పే పుస్తకం ఇవ్వండి మేడమ్,
సాయంత్రం బస్సుకి వెళ్ళాలి."

నెకేసా మేడమ్ కళ్ళజోడు తీసి
కిటెంగే అంచుతో నెమ్మదిగా తుడుచుకుంది.
ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎవరికీ
జవాబు తెచ్చి చేతిలో పెట్టలేదు.
(అందుకే కొందరికి ఆమె అంటే ఒళ్ళుమంట.)
ఒక చీటీ ఇచ్చి, ఆ పిల్ల అన్నదంతా రాయించి,
ఎర్ర పెన్సిలుతో గీతలు గీసింది
'ట' కింద, 'ట' కింద, 'ట' కింద.

"ఈ తోక పట్టుకుని వెనక్కి నడువు.
ఎవరన్నారు? వాళ్ళకెలా తెలిసింది?
ఇంకో సంగతి. నీకు కావలసిన జవాబు
ముందే నీ సంచిలో ఉంటే
ఇంత వానలో ఇక్కడికెందుకొచ్చావు?"

మూలనున్న కంప్యూటరులో
ఫోటోకి పుట్టిల్లు వెతకడం నేర్పింది మేడమ్.
నీలం డ్రమ్ము, చేతి తొడుగులు, చేపల కుప్ప,
వెనక గోడ మీద రాత మాది కాని లిపి.
ఏడేళ్ళ కిందటిది. వేరే సముద్రం, వేరే చేప.
డ్రమ్ములో ఉన్నది ఉప్పునీళ్ళు.
డాక్టరు కోసం చూస్తే ఒక పేరు దొరికింది.
పేరు కింద ఊరు లేదు, ఆస్పత్రి లేదు,
టానిక్కు సీసా ప్రకటన ఉంది.

అపోండి నవ్వింది. సంచి భుజాన వేసుకుంది.
"కూర్చో," అంది మేడమ్.
"అబద్ధం దొరికింది. నిజం ఇంకా దొరకలేదు."

అప్పుడు నన్ను పిలిచారు.
వెనక గదిలో పాత పరిశోధనల బీరువా, తాళం నా దగ్గరే ఉంటుంది.
దుమ్ము దులిపి ఒక నల్ల అట్ట తెచ్చిచ్చాను.
ఎవరో అమ్మాయి రెండేళ్ళు ఈ తీరాల వెంట తిరిగి
చేపలు కొని, కడిగి, లెక్కపెట్టి రాసింది.
పదకొండేళ్ళలో దాన్ని తీసుకెళ్ళింది ఇద్దరు.
వెనక చీటీ మీద ముద్రలు రెండే.

మందు లేదు.
ఇసుక ఉంది.
నేల మీద ఆరబోసిన ఒమేనాలో
మేకలు, కోళ్ళు, మనుషులు తొక్కి తెచ్చిన మురికి ఉంది.
ఎత్తున కట్టిన వల మీద ఆరినదాంట్లో తక్కువ.
తన లెక్క ఎక్కడ తప్పి ఉండొచ్చో కూడా
చివరి పేజీలో ఆమే ఒప్పుకుంది.

ఆ పట్టిక ముందు అపోండి చాలాసేపు కదల్లేదు.
వాన వెలిసింది కాబట్టి వినపడింది:
"మా అమ్మ ఇసుక మీదే ఆరబెడుతుంది."
మాతో కాదు, ఆ అంకెలతో అంది.

మేడమ్ ఏమీ అనలేదు. ఆ నాలుగు పేజీల నకలుకు
డబ్బు తానివ్వబోతే అపోండి ఒప్పుకోలేదు,
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పేర్చింది.
వెళ్తూ వెళ్తూ నన్నడిగింది,
ఎత్తున కట్టే ఆ వల ఖరీదెంత ఉంటుందని.

"ఎనిమిది వందలట," అన్నాను.

ఇద్దరూ ఒక్కసారే
నా వైపు తిరిగారు.