శివారు పోర్టు

గవరయ్య బొటనవేలు పెట్టినప్పుడల్లా
ఎర్ర దీపం వెలుగుతుంది,
రెప్పపాటు,
ఆరిపోతుంది.
"నా ఏలు అరిగిపోనాదేటమ్మా?"
తువ్వాలుకి తుడిచి, ఊది, మళ్లీ పెడతాడు.
మూడోసారికి నాకే సిగ్గేసింది.
తప్పు వేలిది కాదు.

టెక్కలిలో మా కొట్టు ఎనిమిదడుగుల వెడల్పు.
ల్యాప్‌టాప్ ఎడమ పోర్టు పోయిన వానల్లోనే పోయింది,
బతికున్నది కుడివైపుది ఒక్కటే.
దానికి నూట డెబ్బై రూపాయల నల్ల డబ్బా తగిలించి
ఒక నోటిని నాలుగు నోళ్లు చేశాను.
వేలిముద్రల యంత్రం, కెమెరా,
పాత ఫైళ్ల హార్డ్‌డిస్కు,
నాలుగోది, చెప్పకూడదు గానీ,
అరచేతంత ఫ్యాను.
మే నెల. జనం మీద తిరిగే పెద్ద ఫ్యాను గాలి
నా కుర్చీ దాకా రాదు.

ఆ డబ్బాకి గోడలోంచి తీగ లేదు.
తీగ ఉన్నది ఆరు వందలన్నాడు, కొనలేదు.
పైనుంచి దిగేది ఐదు వందల మిల్లీ ఆంపియర్లు.
పంచిపెట్టినందుకు డబ్బా తన పాలు ముందే తీసుకుంటుంది,
మిగిలింది నోటికి వంద.
కాగితం మీద లెక్క అది.
నిజానికి ఆపేవాడు లేడు,
ముందు లాగినవాడిదే.
హార్డ్‌డిస్కు లేవబోయి టిక్కుమంటుంది,
మళ్లీ లేవబోయి
టిక్కు.

"కరెంటు చాలట్లేదు తాతా" అన్నాను.
వెలుగుతున్న ట్యూబులైటు వంక చూశాడు,
నా వంక చూశాడు.
తర్వాత వంగి, నల్ల డబ్బా తీగ మీద వేలు పెట్టి
ల్యాప్‌టాప్ దాకా నడిపించాడు,
గట్టు మీద నడిచినట్టే.

"ఇది మదుం. ఇది పిల్లకాలవ.
దీనికి సొంత సెరువు నేదు,
పైనోడు వొదిలిందే నీరు.
మాది నందిగాం అవతల, వంశధార శివారు.
నలభై ఏళ్లుగా సూత్తన్నాను గుంటా,
కాలవ ఉంటాది. నీరే ఉండదు."

"మరి ఏం చేస్తారు?"

"వొంతులు. ఒకడి మడి తడిసీదాకా
మిగతావోళ్లు బోదెలు మూసుకుని కూకోవాల.
కూకోరు. అదో కత."

కెమెరా తీశాను.
హార్డ్‌డిస్కుకి తెర మీద సెలవు చెప్పి మరీ తీశాను,
చెప్పకుండా లాగితే లోపలి లెక్కలు చెదురుతాయి.
ప్రింటర్ జోలికి పోలేదు,
దాని తీగ దానికుంది, ఎవరినీ అడగదు.
వెలిగింది.
ఆరింది.

గవరయ్య ఏమీ అనలేదు.
నా ఫ్యాను గాలికి టపటపలాడుతున్న
రసీదు కాగితం మూల మీద
వేలు ఆనించాడు, అంతే.

తీసేశాను.
మెడ వెనక చెమట చుక్క
ఎక్కడ బయల్దేరిందో, ఎక్కడిదాకా వచ్చిందో
తెలుస్తూనే ఉంది.

ఎర్ర దీపం వెలిగింది. నిలబడింది.
పగుళ్లలో మట్టి ఇంకిన వేలు గాజు మీద ఆనింది.
తెర మీద ఆకుపచ్చ గీత.
పంట బీమాకి, గవరయ్య గవరయ్యేనని రుజువైంది.

ఇరవై రూపాయలిచ్చి మెట్టు దిగాడు.
మళ్లీ ఎక్కాడు.
"గుంటా, మరి పై మదుం కాడ ఎవుడున్నాడు?"

ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఏడాది.
దాని తీగ గోడలోకి పోతుంది.
గోడ అవతల ఎవరున్నారో
నేనెప్పుడూ చూడలేదు.

బెంచీ మీద ఇంకో ముగ్గురున్నారు.
ఫ్యాను తీగ చేతిలోనే ఉంది.