చెరువు కనిపించే గది

చెరువు కనిపించే గదికి ఆరువందలు ఎక్కువ.
నైట్ డ్యూటీలో నేను చెప్పే మొదటి మాట ఇదే,
కన్నడంలో, హిందీలో,
మదనపల్లి బండి నంబరు కనబడితే తెలుగులో.

వర్తూరు దాటాక ఎడమకి తిరిగితే మా లాడ్జి.
గోడమీద రెండు హంసలు. పెయింటరు బాతుల్ని చూసి వేశాడు.
అసలు చెరువులో ఉండేవి బొల్లికోళ్ళు,
నురగ లేచిన వారం అవీ ఉండవు.
ఆ నురగని వెనక పెట్టుకుని
మంచుకొండల్లో ఉన్నట్టు ఫోటోలు దిగిన
కొత్తజంటలున్నారు. నేను కాదనలేదు.
కిటికీ మాత్రం తెరవొద్దంటాను.
దోమలండీ, అంటాను.

ఆ శనివారం హంసవేణి అని ఒక అమ్మాయి వచ్చింది,
మెడలో కంపెనీ ట్యాగు, చేతిలో తాత చెయ్యి.
మూడో అంతస్తు, మూలగది.
ఆధార్ అడిగితే ఆయన అంగీ లోపల్నించి
ఒక ప్లాస్టిక్ కవరు, అందులోంచి ఇంకో కవరు,
అందులోంచి తనని తీసి నాకిచ్చాడు.
చౌడప్ప. చింతామణి దగ్గర పల్లె.
వృత్తి అన్నచోట నేను గీత గీయబోతే
"నీరుగంటి అని రాయి నాయనా" అన్నాడు.
ఇంగ్లీషులో ఎట్లా రాయాలో తెలీక
నా అక్షరం అక్కడ అలుక్కుపోయి ఉంది, చూడండి.

పది నిమిషాలకి కిందికొచ్చాడు ఒక్కడే.
గది బాగలేదా? బాగుంది.
ఏసీ? బాగుంది.
"మీ చెరువుకి తూము యాడుంది?"

ఏడేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను.
వైఫై అడుగుతారు, టిఫిను ఎన్నింటికని అడుగుతారు,
బీరు లోపలికి తెచ్చుకోవచ్చా అని
చెవిలో అడుగుతారు.
"తూము తెలీదా. పోనీ మరవ?"
మరవంటే మరుపులాంటిదేమో అనుకున్నాను.
చెరువు నిండితే పొర్లిపొయ్యే దారంట.

టార్చి తీసుకుని కట్టెక్కాడు.
'ఇప్పుడే వస్తాను' బోర్డు పెట్టి వెనకే నేను.
చెప్పులు విడిచి మడమతో తట్టాడు నేలని,
నాలుగడుగులు, మళ్ళీ తట్టాడు,
ఒకచోట వంగి మట్టి వాసన చూసి ముఖం చిట్లించాడు.
కట్ట దిగాడు. జనరేటరు పక్కగా, బాతుల గోడ పక్కగా
వంపు వెంట వంపు వెతుక్కుంటూ వచ్చి వచ్చి
మా అద్దాల తలుపు ముందు,
స్వాగతం అని రాసున్న పట్టామీద ఆగాడు.
"ఇదే."

తిట్టలేదు. నిట్టూర్చలేదు కూడా.
"నువ్వు యాడ పడుకుంటావు?"
ఆ సోఫా వెనకాల.
"ఎత్తులో వేసుకో."

తర్వాత మెట్లమీద కూర్చున్నాం, రెండు కప్పుల టీతో.
"కరువేళ కట్టకింద నీళ్ళు నేనే వదిలేవాణ్ణి.
చివరి మడి తడిసిందాకా ఇంటికి పొయ్యేవాణ్ణి కాదు.
చివరి మడి మాది కాదులే.
మాకు మడే లేదు.

ఇరవై ఏళ్ళు ఎండిపోయింది మా చెరువు.
ఇప్పుడు నిండింది. పైపుల్లో వస్తాండాయి,
మీ బెంగుళూరు స్నానాలు, మీ గిన్నెలు కడిగినవి,
వడగట్టి పంపిస్తాండారంట.
గేటు తిప్పేది ఇంకెవరో, నాకు పన్లేదు.
అయినా యాడ్నించి వస్తాండాయో ఒకసారి
కండ్లారా చూడాలని ఉన్నింది.
మా పిల్ల కొత్త ఉద్యోగం జీతంతో
ఏం కావాలి తాతా అంటే ఇది అడిగినా."

చూశావు కదా, ఎట్లుంది? అన్నాను.
చాలాసేపు చూశాడు అటు.
ఎవరింటికో పెళ్ళిచేసి పంపిన పిల్ల
పుట్టింటివాళ్ళు ఎట్లాంటివాళ్ళో
ఆలస్యంగా తెలిసినట్టు చూశాడు.
"జ్వరంగా ఉంది దీనికి" అన్నాడు.

పొద్దున గది ఖాళీ చేశారు. దుప్పటి మడత చెదరలేదు,
బాల్కనీలో కుర్చీ మాత్రం చెరువువైపు తిరిగి ఉంది.
హంసవేణి పుస్తకంలో 'వ్యూ బాగుంది' అని రాసింది.
ఆరువందలు తగ్గించబోతే తాత ఒప్పుకోలేదు.
చూసినాం కదా, అన్నాడు.

నిన్న ఉత్తరాన మబ్బు పట్టింది.
సోఫా వెనక నా పరుపు కింద
నాలుగు సిమెంటు ఇటుకలు పెట్టుకున్నాను.
మేనేజరు ఇదేందిరా అంటే
నడుం నొప్పి సార్, అన్నాను.