నీటి పరీక్ష

ఆదోని నూనెమిల్లులో పొద్దున్నే
ఖాళీ బాయిలర్ని సుత్తితో తట్టినాడు ఉరుకుందప్ప,
సంతలో కుండ బేరమాడేవాడిలా చెవి ఒగ్గి.
ఖంగు. ఖంగు. ఖంగు.
కింది అతుకు కాడ మాత్రం బొంగురు.

"రంగు మందమైంది లే" అన్నాడు మేనేజరు.

రెండు ట్యాంకర్ల నీళ్లు పట్టించినాం, ఈ ఎండల్లో.
చేతిపంపు కొట్టేకొద్దీ గేజీలో ముల్లు
పాకి, పాకి, ఆగింది.
అరగంట ఎవరం మాట్లాడలేదు.

కొత్త రంగు మీద ఒక చెమట బొట్టు.
నాదే అనుకొని తుడిచినా.
మళ్లీ పుట్టింది, ఆవగింజంత.
నీళ్లు గనక బొట్టుతో చెప్పినాయి,
ఆవిరికి ఇంత మర్యాద ఉండదు.

పోయినేడాది "బాగుంది" అని సంతకం పెట్టింది
నేనే.

వాల్వు తిప్పితే తుప్పు నీళ్లు.
గేటు కాడ అప్పటికే బిందెలు.
"తాగొద్దమ్మా" అన్నా.
"బట్టలకైతాయిలే సారూ,
ఇంగ వారం దాకా కొళాయి రాదు."