కాకిబంగారం

విద్వాన్ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న:
‘ఆత్మ’ శబ్దానికి వ్యుత్పత్తి రాయుము.

సైదాపురం మైకా షెడ్డులో
తూకం రాసుకునే గుమస్తాని,
తక్కెడ ఖాళీగా ఉన్నప్పుడల్లా బట్టీ పడతాను.
‘అత్’ అంటే ఎడతెగక నడిచేది.
‘ఆప్’ అంటే అంతటా అందుకునేది.
‘అద్’ అంటే తినేది, అనుభవించేది.
కాదు కాదు, ‘అన్’, ఊపిరి తీసేది అంటాడింకొకడు.
ఒక్క బిడ్డకి నలుగురు తండ్రులు!
ఏ దస్తావేజు నమ్మాలో తెలీని కరణంలా
పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాను.

ఎదురుగా మస్తానమ్మ.
అరిగి అరిగి వేలంత మిగిలిన కత్తితో
అభ్రకం దిమ్మెని విప్పుతోంది,
పొర కింద పొర, పొర కింద పొర.

“ఏందబ్బయా, గొణుక్కుంటా ఉండావు?”

చెప్పాను.
అన్నం, ప్రాణం, మనసు, విజ్ఞానం, ఆనందం,
అయిదు తొడుగులూ ఒలిచేస్తే
లోపల మిగిలేదే అదని.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
“ముప్పై ఏళ్ళుగా ఒలుస్తానే ఉండా.
లోపలనేది నాకు యాడా కనపళ్ళా.
ఒలిచిందీ రేకే, మిగిలిందీ రేకే.”
చివరి రేకుని కిటికీ వెలుగుకి పట్టింది.
“పల్చనయ్యేకొద్దీ
అవతల ఉండేది కనపడతాది. అంతే.”

రేకు వెనక ఆమె కన్ను.
మధ్యలో ఏదో ఉన్నట్టే లేదు.

అంతలో దగ్గు.
వంగి, గోడ పట్టుకుని, చాలాసేపు.
కొంగు తీస్తే
తుడుచుకున్న చోట చుక్కలు మెరుస్తున్నాయి.
“మేం ఉసురంటాం దాన్ని” అంది, కూర్చుంటూ.

ఉసురు. నా పుస్తకంలో లేదు.
పోయేదీ అదే, తగిలేదీ అదే.
పొద్దుగూకి గంప దించి ఉసూరుమంటే
నోట్లోంచి వచ్చేదీ అదే.
ధాతువు వెతకనక్కర్లేదు దానికి,
పైకి అంటే చాలు, సగం ఊపిరి ఖర్చు.

పక్క వరసలో ఖాదర్‌బీ తల ఎత్తకుండానే:
“మా అబ్బ రూహ్ అనేవాడు.
గాలికి చుట్టమంట ఆ మాట.”

రోడ్డు మీద బస్సాగింది.
“ఆత్మకూరు, ఆత్మకూరు!
ఇంకిద్దరికి చోటుంది, ఆత్మకూరు!”
ఎవరూ ఎక్కలేదు.
షెడ్డంతా ఒక్కసారి నవ్వింది,
దగ్గు ఆగని ఆమె తప్ప.

పరీక్షలో నాలుగు ధాతువులూ రాశాను.
రెండుకి రెండూ వేశారు.

ఆ షెడ్డుకిప్పుడు కప్పు లేదు.
వాన వెలిసిన పూట రోడ్డు పక్క మట్టి
ఎవరో చిల్లర పారబోసినట్టు మెరుస్తుంది.
మస్తానమ్మ పోయిన ఏడు నాకు గుర్తులేదు,
నెల గుర్తుంది, కార్తీకం, ముసురు.

ఆమె ఇచ్చిన రేకు
నిఘంటువులో ‘ఆ’ దగ్గర ఉంది.
పేజీ మీంచి తియ్యక్కర్లేదు,
అక్షరాలు దానిగుండానే చదువుకోవచ్చు.
ఎప్పుడైనా మరీ దగ్గరగా వంగితే
నా ఊపిరి తగిలి మసకేస్తుంది,
మాట కనిపించదు.
కాసేపు తల పక్కకి తిప్పుకుంటాను.